గ్రాఫిక్స్ కార్డు మోతకి మందు కొత్త కూలరేనా?

ధనుర్మాసం వచ్చేదాకా మా ఇంట్లో ఆ చప్పుడు ఎవరి చెవినా పడలేదు. పాలకొల్లు పక్కన మా ఊళ్లో ఏడాదికి పది నెలలు సీలింగ్ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. దాని హోరులో మిగతా చప్పుళ్లన్నీ కొట్టుకుపోతాయి. చలి మొదలై రాత్రిళ్లు ఫ్యాను ఆపేశాక ముందుగదిలో మా మేనల్లుడి కంప్యూటరు గొంతు బయటపడింది. వాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు గనక అంతకుముందు పేరుకుపోయిన పనంతా అప్పుడే ముందేసుకుంటాడు. పగలు కటింగు, పడుకోబోయే ముందు రెండరింగు, అంటే కట్ చేసిన ముక్కలన్నీ కలిపి పూర్తి వీడియోగా కంప్యూటరు చేత తయారు చేయించడం. ఒకరోజు రాత్రి పదకొండింటికి మా అమ్మ లేచొచ్చి, "ఏరా, చెరువు మీద ఏరియేటరు గాని ఇంట్లోకి తెచ్చి పెట్టావేంట్రా?" అంది. చెరువుల్లో చేపలకీ రొయ్యలకీ గాలి అందేలా నీళ్లు చిలికే యంత్రం అది.

ఆ మోత గ్రాఫిక్స్ కార్డుది, కంప్యూటరులో బొమ్మల, వీడియోల పని చేసే భాగం అది. మర్నాడు తెలిసిన షాపులో అడిగితే, "ఆయ్, కార్డు పాతదైపోయిందండి, మార్చేసుకోండి" అన్నారు. మేనల్లుడేమో నాలుగు వీడియోలు చూసేసి, "కార్డెందుకు మావయ్యా, కూలరు మార్చేద్దాం" అన్నాడు. కూలరంటే కార్డు వేడిని లాగే రేకుల దిమ్మా, దాని మీది ఫ్యాన్లూ. నేను మాత్రం ముందు ఆ మోత ఎక్కడ పుడుతోందో చూద్దామన్నాను. కార్డు మీది ఫ్యాను ఊరికే అరవదు. లోపలి నుంచి వేడి తోసుకొస్తుంటే, దాన్ని సాగనంపడానికి చోటు చాలక అరుస్తుంది. చోటు చూపించకుండా ఫ్యాను గొంతు నొక్కితే మోత తగ్గుతుంది గానీ వేడి ఎక్కడికీ పోదు.

గోరంత చోట ఇస్త్రీ పెట్టె

మా వాడి కార్డు 120 వాట్లది. ఈ రోజుల్లో ఇది చిన్నదాని కిందే లెక్క. ఎన్విడియా కంపెనీ కార్డుల్లో ఆర్టీఎక్స్ 3060 అంటే 170 వాట్లు, 4090 అంటే 450. కార్డు తిన్న కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే తేలుతుంది. మెమరీ చిప్పులకీ, వోల్టేజి దించే భాగాలకీ పోయింది తీసేసినా అసలు చిప్పు దగ్గర 80, 90 వాట్లు మిగులుతాయి. మా కార్డులో ఆ చిప్పు వైశాల్యం సుమారు రెండు చదరపు సెంటీమీటర్లు, బొటనవేలి గోరంత. అంటే చదరపు సెంటీమీటరుకి 40 వాట్లు పైమాటే. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే అక్కడ పడేది 5 వాట్లే. ఇస్త్రీ పెట్టె చొక్కాని కాలుస్తుంది. దానికి ఎనిమిది రెట్లు ఒత్తుగా వేడి పుట్టే చోటుని 80 డిగ్రీలు దాటకుండా చూడమని కూలరుని అడుగుతున్నాం.

ఈ వేడి గాల్లో కలిసేలోపు కొన్ని చేతులు మారుతుంది. మొదటి చెయ్యి పేస్టు. చిప్పూ, దాని మీద కూర్చునే రాగి బిళ్లా చూడ్డానికి అద్దాల్లా ఉన్నా మధ్యలో కంటికి కనబడని గుంటలుంటాయి, వాటిలో గాలి ఉంటుంది. కదలని గాలి వేడికి అడ్డుగోడ. పేస్టు చేసేది ఆ గుంటల్ని పూడ్చడమే. అది రాగి అంత బాగా వేడిని మొయ్యలేదు గనక ఎంత పలచగా ఉంటే అంత మేలు. ఆత్రేయపురం పూతరేకు గుర్తు తెచ్చుకోండి. పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే వచ్చే పొర అది. మందంగా పడితే రేకు కాదు, అట్టు. పైగా కార్డు రోజూ వేడెక్కి చల్లారుతుంటే ఏళ్ల మీద ఆ పేస్టు మధ్యలోంచి అంచులకి జరిగిపోతుంది, ఎండిపోతుంది. కూలరు అదే, ఫ్యాను అదే, కార్డు మాత్రం ముందుకన్నా వేడి.

రెండో చెయ్యి హీట్ పైపులు. అవి గట్టి రాగి కడ్డీలని చాలామంది అనుకుంటారు. కాదు, గొట్టాలు. లోపలి గాలి లాగేసి, రవ్వంత నీళ్లు వదిలి మూసేస్తారు. గాలి ఒత్తిడి లేదు గనక ఆ నీళ్లు ఆవిరవడానికి 100 డిగ్రీలు అక్కర్లేదు. వేడి కొస దగ్గర ఆవిరై, చల్లటి కొసకి పరిగెత్తి, అక్కడ వేడి వదిలేసి నీరవుతాయి. గొట్టం లోపలి గోడకి దీపపు వత్తి లాంటి పొర ఉంటుంది, అది ఆ నీటిని పీల్చుకుని మళ్లీ వేడి కొసకి తెస్తుంది. ఇడ్లీ పాత్ర మూత కింద బొట్లు కట్టి జారడం లాంటిదే ఇది. అదే మందపు రాగి కడ్డీ ఇంత వేడిని ఇంత దూరం మొయ్యడం కల్ల.

ఆఖరి చెయ్యి గాలి. హీట్ పైపులు వేడిని అందించే పల్చటి లోహపు రేకుల మధ్య నుంచి పోయే గాలి 10 డిగ్రీలు వేడెక్కి బయటికి రావచ్చనుకుంటే, 120 వాట్లని మొయ్యడానికి సెకనుకి సుమారు 10 లీటర్ల గాలి కావాలి. సెకనుకో చిన్న బిందెడు. ఆ బిందెని ఎలా మోస్తున్నామన్న దాన్ని బట్టే మోత.

దోమ శ్రుతి

ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ తలుపు కొంచెం ఎత్తితే సందులోంచి నీళ్లు గర్జిస్తూ దూకుతాయి. అవే నీళ్లు కాలువలోకి మళ్లి వెడల్పు దొరికాక మా ఊరి వంతెన కింద నిద్రపోతున్నట్టు పోతాయి. గాలీ అంతే. కొద్ది చోటులోంచి ఎక్కువ వేగంతో తోస్తే సుడులు తిరుగుతుంది, ఆ సుడులే మనకి వినబడే హోరు.

ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపవుతుంది. చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్లు ఎగబాకుతుంది. డెసిబెల్ లెక్క సంతలో తూకంలా ఉండదు: 10 పెరిగితే చెవికి రెట్టింపు మోతగా తోస్తుంది. అంటే 15 దాదాపు మూడింతలు. దీన్నే తిరగేసి చూస్తే మనకి పనికొచ్చేది దొరుకుతుంది. ఒకే ఆకారం ఫ్యాన్లయితే అవి తోసే గాలి వ్యాసపు ఘనంతో పెరుగుతుంది. 90 మి.మీ. ఫ్యాను స్థానంలో 120 మి.మీ. ఫ్యాను పెడితే, అదే గాలికి సగం కన్నా తక్కువ వేగం చాలు. పెద్ద రెక్కలు తమ వంతు చప్పుడు కొంత కలిపినా, నికరంగా 10 డెసిబెల్ల దాకా లాభం. ఇది కాగితం మీది లెక్క. రేకులు ఎంత ఒత్తుగా ఉన్నాయి, గాలి తప్పుకోవడానికి ఎన్ని సందులున్నాయి అన్నవి కలిస్తే కొంత కరిగిపోతుంది. దిశ మాత్రం మారదు.

ఇంకోటుంది, శ్రుతి. తొమ్మిది రెక్కల ఫ్యాను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే సెకనుకి 450 సార్లు ఒక రెక్క ఒకే చోటు దాటుతుంది. ఆడదోమ చెవి దగ్గర పాడే పాట కూడా ఇంచుమించు ఆ శ్రుతిలోదే. చుట్లు 900కి దిగితే అది 135కి పడిపోతుంది, దూరంగా ఎవరో తంబురా మీటుతున్నట్టు. రెండూ ఒకే డెసిబెల్ చూపించినా మొదటిది నిద్ర చెడగొడుతుంది, రెండోది మరుగునపడిపోతుంది. మా అమ్మకి చిరాకు తెచ్చింది గట్టిదనం కన్నా ఆ గొంతే అని నా అనుమానం. ఏరియేటర్ల మధ్య నలభై ఏళ్లు పడుకున్న మనిషి ఊరికే లేవదు.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. 2003లో ఎన్విడియా తెచ్చిన జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా మోత లోకమంతా నవ్విపోయేలా ఉంటే, చివరికి ఆ కంపెనీయే తన కార్డు మీద తాను జోకులేసుకుంటూ వీడియో తీసింది. తీసి, తర్వాతి కార్డుకి కూలరు మార్చింది.

ఉక్క మనకి, వేడి కార్డుకి

మన దగ్గర అందరూ అనే మాట ఒకటుంది: "మన ఉక్కకి కంప్యూటర్లు ఆగవండి." సగమే నిజం. గాల్లో తేమ ఎక్కువైతే చెమట ఆరక మనం ఉడికిపోతాం. కార్డుకి చెమట పట్టదు. దానికి తెలిసింది గాలి ఎన్ని డిగ్రీలుంది అన్నదొక్కటే. 34 డిగ్రీల ఉక్క గాలీ, 34 డిగ్రీల పొడి గాలీ దానికి ఒకటే.

అలాగని తేమ అమాయకురాలు కాదు. పొడి ఊళ్లో దుమ్ము విదిలిస్తే రాలుతుంది. ఇక్కడ అది అంటుకుంటుంది. మా కార్డు విప్పితే రేకుల మొహాన కంబళి ముక్కలాంటి పొర వచ్చింది. ఇంటి వెనక కొబ్బరి డొక్కల కుప్ప నుంచి పీచు నలుసు, వీధి దుమ్ము, వాటిని అంటించడానికి తేమ, దాని మీద రోజూ సాయంత్రం వెలిగించే దోమల చక్రం పొగ. ఫ్యాను రెక్కలు జిడ్డుగా ఉన్నాయి. రైసు మిల్లు పక్కన ఉన్నవాళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

గది వేడి లెక్క మాత్రం సూటిగా ఉంటుంది. కూలరు కార్డుని గదికన్నా ఇన్ని డిగ్రీలు పైన ఉంచగలదు, అంతే. 25 డిగ్రీల ఏసీ గదిలో 70 చూపించిన కార్డు, అదే పని, అదే ఫ్యాను వేగంతో మే నెలలో 37 డిగ్రీల గదిలో 82 చూపిస్తుంది. పై ఊళ్లలో చల్లటి గదుల్లో తీసిన పరీక్షల అంకెలు చూసి "ఈ కూలరు 62 డిగ్రీలే" అని కొనుక్కుంటే వేసవిలో దెబ్బ తింటాం. ఆ అంకెలోంచి వాళ్ల గది వేడి తీసేసి, మన గది వేడి కలుపుకోవాలి. గదిని చల్లబరిచే నీళ్ల కూలరుని కంప్యూటరు పక్కన ఉంచితే అన్న ఆలోచన కూడా మానుకోండి. తేమ నిండిన గాల్లో అది పెద్దగా చల్లబరచదు, కార్డు మీదికి ఇంకాస్త తడి ఊదుతుంది.

ఏ చప్పుడు అన్నది ముందు తేల్చుకోవాలి

కార్డు మోతలన్నీ ఒకటి కాదు. గాలి హోరు వేగంతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇదే కూలరు మార్చితే నయమయ్యే జబ్బు. గరగరా, టిక్కుటిక్కూ అని వస్తుంటే బేరింగు అరిగింది. కేబినెట్‌ని, అంటే కంప్యూటరు పెట్టెని, పక్కకి పడుకోబెడితే ఆ చప్పుడు మారుతుంది, అదే ఆనవాలు. దానికి ఫ్యాను ఒక్కటి మారిస్తే చాలు. కొన్నింటికి వెనక స్టిక్కరు తీసి కుట్టుమిషను నూనె చుక్క వేస్తే కొన్ని నెలలు సర్దుకుంటుంది.

మూడోది కీచుమనే సన్నటి చప్పుడు. ఫ్యానుకి సంబంధమే లేదు. కరెంటు పోటుపాట్లకి కార్డు మీది రాగి చుట్టలు అదురుతూ చేసే శబ్దం అది. గేము మెనూలో వందల ఫ్రేములు పరిగెడుతున్నప్పుడు వచ్చి, ఫ్రేములకి హద్దు పెట్టగానే తగ్గితే అదేనని రూఢి. దీనికి ఎంత ఖరీదైన కూలరు కొన్నా గుండు సున్నా. పైగా మిగతా హోరు పోయాక ఇది ఇంకా స్పష్టంగా వినబడి, కొన్నదానికి ఏడిపిస్తుంది.

మాది హోరే. అప్పుడైనా కూలరు కొనడం నేను ఆఖరికి పెడతాను. ఎందుకంటే వేడి పుట్టే చోట తగ్గిస్తే ఆ తర్వాతి చేతులన్నిటికీ పని తగ్గుతుంది. చిప్పు వాడే కరెంటు వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. ప్రతి చిప్పూ తట్టుకునేలా కంపెనీలు వోల్టేజి కొంచెం ఎక్కువే పెట్టి పంపుతాయి. ఎమ్ఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరులో 1.05 వోల్టుల దగ్గర నడిచే వేగాన్ని 0.9 దగ్గర నడిపించగలిగితే, ఆ లెక్కన చిప్పు వేడి పావు వంతు పైగా తగ్గుతుంది. అందరి చిప్పులూ అంత దిగవు. కొద్దికొద్దిగా దించుతూ, గంటల తరబడి పని పెట్టి చూసుకోవాలి. లేకపోతే తలంబ్రాల దగ్గర రెండరింగు ఆగిపోతుంది, పెళ్లికూతురి తండ్రికి సమాధానం మీరే చెప్పుకోవాలి. అంత ఓపిక లేనివాళ్లు అదే సాఫ్ట్‌వేరులో పవర్ లిమిట్ గీతని, అంటే కార్డు తినే కరెంటు హద్దుని, 80 శాతానికి జరిపితే చాలు. పని వేగం తగ్గేది అంత కాదు, చాలా తక్కువ.

తర్వాత శుభ్రం. ఇక్కడో మాట: పంక్చరు షాపుకి పట్టుకెళ్లి గాలి కొట్టించకండి. మన తేమకి ఆ ట్యాంకులో అడుగున నీళ్లు చేరి గాలితో పాటు తుంపర్లు పడతాయి. గాలి దెబ్బకి ఫ్యాను గిర్రున తిరిగి బేరింగు పాడవడం అదనం. మెత్తటి బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ఓ మధ్యాహ్నం సరిపోతాయి. పేస్టు మార్చి, ఎంత వేడికి ఫ్యాను ఎంత వేగం తిరగాలో చెప్పే గీతని మెట్లు మెట్లుగా కాకుండా నింపాదిగా ఎక్కేలా గీసుకుంటే హోరు పైకీ కిందికీ ఊగదు. ఒకే తీరు చప్పుడుకి చెవి అలవాటు పడుతుంది, ఊగే చప్పుడుకి పడదు.

ఈ మూడింటితోనే మా మోత సగానికి పైగా పడిపోయింది. మేనల్లుడికి మాత్రం తృప్తి లేదు. వాడికి కావలసింది నిశ్శబ్దం కన్నా స్క్రూడ్రైవరు.

కూలరు మార్చడమంటే

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, కార్డుతో వచ్చిన రేకుల దిమ్మని అలాగే ఉంచి, పైన ప్లాస్టిక్ ముసుగూ చిన్న ఫ్యాన్లూ పీకేసి, రెండు 120 మి.మీ. కేబినెట్ ఫ్యాన్లు జిప్ టైలతో కట్టడం. రెండోది, దిమ్మ కూడా తీసేసి వేరే కంపెనీ పెద్ద కూలరు బిగించడం. ఆర్కిటిక్ వాళ్ల యాక్సెలెరో, రైజిన్‌టెక్ వాళ్ల మార్ఫియస్ ఈ రెండో రకంలో పేరున్నవి. మార్ఫియస్‌కి పన్నెండు హీట్ పైపులు, ఫ్యాన్లు మనమే పెట్టుకోవాలి. ఈ రకం కూలర్లు ఒకప్పుడు బోలెడు ఉండేవి. ఇప్పుడు కార్డులే కార్డులు గుచ్చే స్లాట్లు రెండున్నర, మూడు ఆక్రమించేంత లావు దిమ్మలతో వస్తున్నాయి, పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోతున్నాయి. దాంతో గిరాకీ పడిపోయింది.

నా మాటగా చెప్పాలంటే, దిమ్మ బాగున్న కార్డుకి మొదటి దారే చాలు. రెండోదాంట్లో ప్రమాదం చిప్పు దగ్గర ఉండదు, దాని చుట్టూ ఉంటుంది. మెమరీ చిప్పులూ, వోల్టేజి దించే మాస్‌ఫెట్లూ కూడా వేడెక్కుతాయి. అసలు దిమ్మ వాటి మీద కూడా థర్మల్ ప్యాడ్లనే, వేడిని మోసే మెత్తటి పట్టీల ద్వారా ఆనుకుని ఉంటుంది. కొత్త కూలరు చిప్పు మీద మాత్రమే కూర్చుంటే, స్క్రీను మీద 58 డిగ్రీలని చూసి మురిసిపోతుంటాం, పక్కన మాస్‌ఫెట్లు మాడుతుంటాయి; చాలా కార్డుల్లో వాటి వేడి చూపించే అంకే ఉండదు. జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీ ఉన్న కార్డులైతే మెమరీ 110 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందుకే ఆ కూలర్లతో చిన్న చిన్న అల్యూమినియం ముక్కలు ఇస్తారు, ఒక్కొక్కటీ అంటించుకోవాలి. యాక్సెలెరో ఎక్స్‌ట్రీమ్ 4 దీనికో వేరే ఉపాయం పట్టింది: కార్డు వీపున పెద్ద దిమ్మ పెట్టి అటు నుంచి వేడి లాగింది.

పాత దిమ్మనే ఉంచుకున్నా, పేస్టు కోసం విప్పితే ప్యాడ్లు చిరుగుతాయి. వీటి మందం 0.5, 1, 1.5, 2 మి.మీ. ఇలా ఉంటుంది, ఒకే కార్డులో రెండు మూడు రకాలు ఉండొచ్చు. ఎక్కడెక్కడ ఎంత అన్నది విప్పేటప్పుడే కొలిచి రాసుకోవాలి. అర మిల్లీమీటరు ఎక్కువైతే దిమ్మ మెమరీ మీదే ఆగిపోయి చిప్పుకి ఆనదు. అర మిల్లీమీటరు తగ్గితే మెమరీ గాల్లో తేలుతుంది. నాకు తెలిసి "కూలరు మార్చాక వేడి పెరిగింది" అని తల పట్టుకునేవాళ్లలో ఎక్కువమంది పడే గొయ్యి ఇదే. కొలత దొరక్కపోతే పిండిలా నొక్కుకునే థర్మల్ పుట్టీ వాడుకోవచ్చు, అది సందుని బట్టి సర్దుకుంటుంది. స్క్రూలు కారు చక్రం బోల్టుల్లా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఈ చిప్పులకి పైన మూత ఉండదు. ఒక మూలే ముందు బిగిస్తే అంచు పగులుతుంది.

ఇక ఫ్యాన్ల వైరు. కార్డు మీది నాలుగు పిన్నుల సాకెట్ చిన్నది, కేబినెట్ ఫ్యాను పిన్ను పెద్దది. మధ్యలో చిన్న అడాప్టరు కావాలి, ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. అది పెడితే కార్డు తన వేడిని బట్టి తానే ఫ్యాన్లు నడుపుకుంటుంది. అడాప్టరు లేకుండా మదర్‌బోర్డుకి గుచ్చితే ఫ్యాను మామూలుగా ప్రాసెసరు వేడినే చూస్తుంది. కార్డు ఉడుకుతున్నా దానికి పట్టదు. ఫ్యాన్ కంట్రోల్ లాంటి సాఫ్ట్‌వేరుతో సరిచెయ్యొచ్చు గానీ అది ఏ రాత్రైనా ఆగిపోతే కాపలా ఉండదు. నేనైతే అడాప్టరుకే ఓటేస్తాను. వారంటీ మిగిలి ఉన్న కార్డుకైతే ఏ దారికీ ఓటెయ్యను.

లావు కూడా చూసుకోండి. దిమ్మ మీద 25 మి.మీ. ఫ్యాన్లు కడితే కింద స్లాట్లు మూసుకుపోతాయి. ఫ్యానుకీ కేబినెట్ అడుగుకీ మధ్య రెండు వేళ్ల సందైనా లేకపోతే పీల్చడానికి గాలి ఉండదు, మళ్లీ అదే హోరు. మా వాడి కేబినెట్ మంచం కోళ్లకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉండేది. దాన్ని జరిపి బల్ల మీద పెట్టడానికి పైసా ఖర్చు కాలేదు.

ఫ్యాన్లు కట్టిన రాత్రి రెండరింగు పెట్టి ముగ్గురం ముందుగదిలోనే కూర్చున్నాం. ముందు 2,800 దాటిన చుట్లు ఇప్పుడు వెయ్యి లోపే. బయట కప్పలు, దూరంగా నిజం ఏరియేటర్లు. మా అమ్మ కాసేపు చెవి ఒగ్గి విని, "ఆ టిక్కుటిక్కేంట్రా?" అంది. కేబినెట్ వెనక ఫ్యాను, బేరింగు పోయింది. ఇన్నాళ్లూ హోరు కింద దాక్కుంది. దానికీ ఆర్డరు పెట్టాం, ఇంకా రాలేదు.